ఎజీదియో సియెనాకు వెళ్ళిన శనివారం

మా పోస్టాఫీసులో ఎజీదియో త్రవెర్సోను అందరం ఇంజను అని పిలిచేవాళ్ళం. జెనోవా రేవు వెనక సందుల్లో అతను ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచాడు. ఆ సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కుని దారి ఇవ్వాలి. ఎజీదియో వస్తున్నాడంటే అతుక్కునేది ఎప్పుడూ ఎదుటివాళ్ళే. పద్నాలుగేళ్ళపాటు నేను అతని పక్క బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు వేరు చేశాను. ఏ గుమ్మం మీద ఏ పేరు ఉందో, మూడో అంతస్తులో ఏ ముసలావిడకు చెవుడో, ఏ కుక్క ఊరికే మొరుగుతుందో, ఏది నిజంగా కరుస్తుందో అతనికి నోటికి వచ్చు. మిగతావాళ్ళు రెండింటికి తిరిగొస్తే అతను పన్నెండున్నరకే వచ్చి టోపీ తీసి మేకుకు తగిలించేవాడు.

అతని భార్య ఓర్నెల్లా మా వీధి చివర ఇస్త్రీ దుకాణంలో ప్యాంట్ల అంచులు, చిరిగిన జేబులు కుట్టేది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే మాత్రం సూటిగా తగిలేది. సెప్టెంబరులో ఎజీదియో రిటైరైన రోజున మేమంతా కలిసి అతనికి వీపుసంచి ఒకటి కొనిచ్చాం. ఓర్నెల్లా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా వైపు తిరిగింది.

"ఇదెందుకు లివియా ఈయనకి? ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నన్ను తీసుకెళ్ళింది పక్కనున్న రపాల్లో అనే ఊరి దాకా. అదీ వాళ్ళమ్మ దగ్గరికి."

"సముద్రం చూపించానా లేదా?" అన్నాడు ఎజీదియో.

"అది మన వంటింటి కిటికీలోంచి కూడా కనిపిస్తుంది."

అందరం నవ్వాం. ఎజీదియో కూడా నవ్వాడు. ఆ రాత్రి ఆమె మందుల షాపులో ఊరికే ఇచ్చే పత్రికలోంచి చింపి దాచుకున్న బొమ్మ ఒకటి తీసి అతనికి చూపించిందట. సియెనా నడిబొడ్డున ఉండే మైదానం, ఎర్రటి ఇటుకల వాలు మీద జనం కాళ్ళు చాపుకుని కూర్చున్న బొమ్మ. రెండు రోజులు చాలంది. అతను సరేనన్నాడు. అన్ని స్టేషన్లలో ఆగే చవక రైలు, సన్యాసినుల మఠంలో గది, ఇంటి నుంచి రొట్టె, వీధి కుళాయి నీళ్ళు. మిగతాదంతా నడకే.

అక్కడ జరిగింది నాకు ఎజీదియో చెప్పాడు. కొంత తర్వాత ఓర్నెల్లా చెప్పింది. ఇద్దరూ చెప్పినదాంట్లో పెద్ద తేడా లేదు.

అక్టోబరు ఆఖరి శనివారం పదకొండు గంటలకు సియెనాలో దిగారు. మఠంలో ముసలి సిస్టర్ వాళ్ళకు రెండు ఇనప మంచాల గది చూపించింది. "తలుపు పదిన్నరకి వేసేస్తాం నాయనా. తర్వాత కొట్టినా నాకు వినపడదు" అంది. ఎజీదియో జేబులోంచి కాగితం తీశాడు. చూడాల్సిన చోట్లు పదిహేడు, ఒక్కోదానికి ఎంతసేపో నిమిషాలతో సహా రాసుకున్నాడు. ఓర్నెల్లా కోటు చిన్న జేబులో చిల్లర డబ్బులు తప్ప ఏమీ పట్టవు. ఫోను అతని సంచిలో వేసింది. ఇద్దరూ బయల్దేరారు.

మూడింటికల్లా పదకొండు చోట్లు అయిపోయాయి. మైదానం దగ్గరికి వచ్చినప్పుడు ఆమె, "కాసేపు కూర్చుందామా" అంది.

"సాయంత్రం కూర్చుందాం. ఇప్పుడు ఎండ మొహాన కొడుతుంది."

పెద్ద చర్చి దగ్గర, లోపల చలవరాతి నేల బాగుంటుందట, చూద్దామా అంది.

"టికెట్టు పెట్టి నేల చూడ్డమేంటే? అసలు అందమంతా బయటే ఉంది. బయట చూస్తే ఎవడూ పైసా అడగడు."

అక్కణ్ణుంచి ఒక ఏటవాలు సందులోకి దిగారు. ఎజీదియో ముందు, ఆమె వెనక. ఇళ్ళ నంబర్లు చూసి అతనికి హుషారు వచ్చింది.

"చూశావుటే, ఇక్కడ దుకాణాలకీ ఇళ్ళకీ ఒకటే వరస. మన దగ్గరలా దుకాణాలకి ఎర్ర నంబర్లు, ఇళ్ళకి నల్ల నంబర్లు అన్న గొడవే లేదు. ఇలాంటి ఊళ్ళో కళ్ళు మూసుకుని ఉత్తరాలు పంచేయొచ్చు."

జవాబు రాలేదు. ఓర్నెల్లా జవాబివ్వకపోవడం అతనికి అలవాటే. ఇంకో సందు చివరిదాకా అలాగే మాట్లాడుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగి చూస్తే పొడుగాటి జర్మన్ ముసలాయన ఒకడు, ఆ మాటలన్నీ తనతోనే అనుకుని మర్యాదగా తలూపాడు.

ఓర్నెల్లా లేదు.

ఏ దుకాణం ముందో ఆగి ఉంటుందనుకుని రెండు నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు. ఆమెకు ఫోన్ చేశాడు. అతని వీపు మీది సంచిలో గంట మోగింది. తీసి చూస్తే తెర మీద తన పేరే.

తర్వాత గంటన్నరపాటు సందు వదలకుండా తిరిగాడు. ఊరంతా ఒకే రంగు ఇటుక. ఎటు వెళ్ళినా వీధి మెల్లగా వంపు తిరిగి మళ్ళీ మొదటికే తెచ్చి పడేసేది. జెనోవాలో జీవితంలో ఒక్కసారి కూడా ఎవర్నీ దారి అడగని మనిషి కనిపించినవాళ్ళనల్లా ఆపి అడిగాడు. గుండె పట్టేసిందేమో, మెట్ల మీంచి పడిందేమో, ఎవరైనా ఆస్పత్రికి తీసుకెళ్ళారేమో అని ఒక్కో మూల మీద ఒక్కో భయం. ఒక కుళాయి దగ్గర నిలబడి, "ఓర్నెల్లా! ఓర్నెల్లా!" అని గట్టిగా కేకలు పెట్టాడు. పైన కిటికీలోంచి ఒకావిడ తల బయటపెట్టింది.

"ఏ జాతి కుక్కండీ? గొలుసుందా మెడకి?"

"కుక్క కాదమ్మా. నా భార్య."

ఆవిడ పాపం అని కిటికీ మూసేసింది.

చివరికి కూడలిలో ట్రాఫిక్ చూస్తున్న పోలీసమ్మాయి దొరికింది. చిన్న పుస్తకం తీసి, "చెప్పండి పెద్దాయనా. ఎంత ఎత్తు?" అంది.

"నా భుజం దాకా."

"కోటు ఏ రంగు?"

పొద్దున చీకట్లో ఆమె కోటు వేసుకుంటుంటే అతనే పట్టుకున్నాడు. రైల్లో నాలుగు గంటలు ఎదురుగా కూర్చున్నాడు. బూడిద రంగా? నీలమా?

"జుట్టు?"

"పొట్టిగా... లేదు, ముడి వేసుకుంటుంది. వేసుకునేది."

"కళ్ళద్దాలు?"

"చదివేటప్పుడు. నడిచేటప్పుడు కూడానేమో."

ఆ అమ్మాయి పుస్తకం మూసింది. "ఫోటో ఉందా ఫోన్లో?"

ఉంది. ఆరేళ్ళ కిందటిది, అతని తల్లి పుట్టినరోజున తీసింది. ఓర్నెల్లా కేకు వెనక సగం మాత్రమే కనిపిస్తోంది.

"కంగారు పడకండి. ఈ ఊళ్ళో తప్పిపోయినవాళ్ళు ఎక్కడున్నా చివరికి మైదానంలోనే తేలతారు. వెళ్ళి అక్కడే నిలబడండి, తిరక్కండి" అంది ఆ అమ్మాయి, ఏడుస్తున్న పిల్లాడికి చెప్పినట్టు. మైదానంలోంచి ఇప్పటికే రెండుసార్లు వచ్చానని చెప్పడానికి కూడా అతనికి ఓపిక లేకపోయింది. నాకు ఇదంతా చెబుతున్నప్పుడు ఎజీదియో కాఫీ కప్పును పళ్ళెంలో గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు.

మళ్ళీ వెళ్ళాడు. ఇటు నుంచి అటు దాటాడు. వాలు మీద కూర్చున్నవాళ్ళందరి మొహాలూ చూస్తున్నాననే అనుకున్నాడు. అప్పటికే చాలాసేపటి నుంచి అతని కంటికి ఎవరి మొహమూ ఆనడం లేదు. అవతలి అంచున గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. ఎండ మేడల మీదికి ఎక్కేసింది. ఆరు కావస్తోంది. అప్పుడు కనిపించింది, నలభై అడుగుల దూరంలో. కాలేజీ పిల్లల గుంపు పక్కన, బూట్లు విప్పి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో బాదం బిళ్ళల పొట్లం. కోటు ఆకుపచ్చది.

అతను పరిగెత్తాడు. పక్కన కూర్చుందామంటే మోకాళ్ళు వంగలేదు. అలాగే నిలబడ్డాడు.

"ఎక్కడికి పోయావే? ఊరంతా... నేను ఊరంతా..."

"ఎక్కడికీ పోలేదు. మూడున్నర నుంచీ ఇక్కడే ఉన్నాను."

"ఇక్కడా? నేను ఇటుగా వచ్చానే!"

"మూడుసార్లు వచ్చావు. మొదటిసారి అక్కణ్ణుంచి, తర్వాత రెండుసార్లు ఇటు నుంచి. చూశాను."

"చూసి? పిలవొద్దూ?"

ఓర్నెల్లా బిళ్ళ ఒకటి కొరికి నిదానంగా నమిలింది. "రెండోసారి పిలుద్దామనుకున్నాను. నోరు కూడా తెరిచాను. పిలవాలనిపించలేదు."

కోపం వచ్చి ఉంటే బాగుండేదని ఎజీదియో నాతో అన్నాడు. కోపం రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. చేతిలో పొట్లం ఉంది. ఆమె ఒక బిళ్ళ ఇచ్చింది. తిన్నాడు. చీకటి పడేదాకా ఆమె కూర్చుంది, అతను నిలబడ్డాడు.

మర్నాడు ఆదివారం ఓర్నెల్లా పెద్ద చర్చి దగ్గర ఒకే టికెట్టు కొంది. రెండు గంటల తర్వాత బయటికి వచ్చింది. అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎలా ఉందని అడిగాడు. "బాగుంది" అంది. తిరుగు రైల్లో ఎదురు సీటు ఆవిడతో ఆ నేల మీది బొమ్మల గురించి ఎంపోలీ స్టేషను దాకా చెబుతూనే ఉంది. అంతసేపు మాట్లాడే ఓర్నెల్లాను అతను అంతకు ముందు చూడలేదు. పేపరు అడ్డం పెట్టుకుని విన్నాడు.

డిసెంబరులో కాబోలు, ఎజీదియో నన్ను పోస్టాఫీసు ఎదురు కాఫీ హోటల్లో పట్టుకుని ఇదంతా చెప్పాడు. చివర్న అడిగాడు. "ఆమె నాతో మామూలుగానే ఉంది లివియా. వండుతుంది, మాట్లాడుతుంది. చొక్కాకి గుండీ ఊడితే కుట్టి పెడుతుంది. నేనేం చెయ్యాలి? చెప్పు, చేస్తాను." చల్లారిపోతోంది, ముందు కాఫీ తాగమన్నాను.

ఉండబట్టలేక తర్వాత ఒకరోజు ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాను. ఓర్నెల్లా కుట్టుమిషను ఆపలేదు.

"ఆ రెండున్నర గంటలు నేనెక్కడున్నానో ఈ భూమ్మీద ఒక్క మనిషికీ తెలీదు లివియా. అంత తేలిగ్గా నాకెప్పుడూ ఉండలేదు. ఆయన మొహం చూసి కడుపు తరుక్కుపోయింది, అది వేరు. అయినా పిలవలేదు. నాకే భయమేసింది, ఎందుకు పిలవలేదా అని."

"ఆయనకి చెప్పరాదూ ఈ మాట?"

"చెప్పి?" అంది. ప్యాంటు తిప్పి దాని రెండో కాలు సూది కింద పెట్టుకుంది.

మార్చిలో ఆమె ఫెర్రారా వెళ్ళింది, ఒక్కతే. అక్కడ కూడా సన్యాసినుల దగ్గరే గది. వీపుసంచి తనే అడిగి తీసుకుంది. శనివారం పొద్దున ఎజీదియో స్టేషనుకు వెళ్ళి రైలెక్కించాడు. ఆదివారం ఏ రైలుకు వస్తానో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. మధ్యాహ్నం రెండింటి నుంచి అటు నుంచి వచ్చిన ప్రతి రైలుకూ అతను ప్లాట్‌ఫాం మీద ఉన్నాడట. ఏడున్నర రైల్లో దిగింది. సంచి ఇటివ్వమన్నాడు. బరువేం లేదంది. ఇద్దరూ బస్సెక్కకుండా నడిచే ఇంటికి వెళ్ళారు.