మూడు గిన్నెల ఊరుబిండి

తింటున్న సంగటి ముద్ద మీద ఒట్టు, ఇందులో అక్షరం కూడా అబద్ధం లేదు. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ఒకప్పుడు హిందూపురంలో ఒక మిక్చరు ఫ్యాక్టరీలో రుచి చూసే పని చేశాను. మూడు గిన్నెలు పెడతారు. రెండింట్లో ఒకటే సరుకు, మూడోదాంట్లో వేరే. ఆ వేరేది నాలుకతో పట్టాలి. గుడ్డిగా వేలు పెట్టినా ఒక్కోసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారితో నమ్మరు, మళ్ళీ మళ్ళీ పెడతారు. నేనైతే చెనిక్కాయ, అదే వేరుశెనగ, నోట్లో వేసుకుని అది చెన్నేకొత్తపల్లి చేనుదో, తలుపుల చేనుదో చెప్పేవాణ్ణి. మేనేజరు లేచి దండం పెట్టేవాడు.

ఆ ఏడు పెనుకొండలో అమ్మకు జ్వరం వచ్చి తగ్గింది గానీ, నోటికి రుచి పోయింది. ధర్మవరం నుంచి అక్క వచ్చి, ఉప్పు కషాయంలాంటి పులుసు తిని, గరిటె లాక్కుంది.

"చాల్లేమ్మా, ఇంక పొయ్యి కాడికి పోవద్దు. నాతో రా, మగ్గం కాడ కూర్చుని కబుర్లు చెప్పుకుందువు."

అమ్మ చేతులు ఖాళీగా ఉంచలేక, శుభ్రంగా ఉన్న రోలునే కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"ఉండక్కా, పరీక్ష పెడదాం" అన్నాను. చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు కచ్చాపచ్చాగా నూరి, ఊరుబిండిని మూడు గిన్నెల్లో పెట్టాను. ఒకదాంట్లో ఉప్పు ఎక్కువ. ఏదో నాకొక్కడికే తెలుసు. ఫ్యాక్టరీలోలాగే చెంచా ఇచ్చాను.

అమ్మ నాకి, చెంచా పక్కన పడేసింది. "ఏమ్రా, ఊరుబిండి ఒట్టిదే నాకితే ఏం తెలుస్తాది? సంగటి యాడరా?"

అక్క పకపకా నవ్వింది. "మీ ఫ్యాక్టరీలో సంగటి పెట్టరేమబ్బా?"

నిజమే, ఆ ముక్క నాకెవరూ నేర్పలేదు. అక్కే సంగటి కెలికి తెచ్చింది. అమ్మ ముద్దకు గుంట చేసి, ఊరుబిండి అద్దుకుని మింగింది. మూడుసార్లు గిన్నెలు మార్చాను. మూడుసార్లూ పట్టేసింది. అక్క గరిటె అమ్మ చేతికిచ్చి, "నాలుకా అది, తక్కెడా!" అంటూ ఒక్కతే బస్సెక్కింది. బతికున్నన్నాళ్ళూ ఆ పొయ్యి అమ్మదే.

ముద్ద చేతిలోనే ఉంది, చెప్పేస్తాను. మేనేజరు దండం నిజమే. కల్పించింది ఆ మూడుసార్లు. అమ్మ పట్టింది మొదటిసారే. తర్వాత రెండుసార్లూ తప్పు గిన్నె చూపిస్తే, "కరెక్టు!" అని అరిచింది నేను. అమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, ఇంకో ముద్ద తీసుకుంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఊరుబిండి ఎప్పుడూ కాస్త ఉప్పగానే ఉండేది. ఈ పూట నేను నూరుకున్నది సరిగ్గా కుదిరింది. ఇంకో చిటికెడు ఉప్పు కలుపుకుని తింటున్నాను.