నిద్ర పట్టిందా అని అడిగే మనిషి

పోయిన మంగళవారం ఇందుకూరుపేట నుంచి వచ్చిన తొలి బస్సు కండక్టరు నా బండి దగ్గరికి వచ్చి, మా టైమ్‌కీపరుగారు తెల్లవారుజామున పోయారని చెప్పాడు. సాయంత్రం సమాధుల తోటలో పెట్టె దించేటప్పుడు పాస్టరుగారు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పారు. సౌమ్యుడట, ఎవరినీ పల్లెత్తు మాట అనని వాడట. పోయినవాళ్ల గురించి అలా చెప్పడం మర్యాదే. అయినా నేను ఒప్పుకోను. ఆయన సౌమ్యుడు కాడు, మొండివాడు. ఆ మొండితనం వల్లే నేనివాళ స్టీరింగు పట్టుకుని నా పెళ్లాంబిడ్డల్ని పోషించుకుంటున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

నెల్లూరులో ఓ ప్రైవేటు బస్సు సర్వీసులో నేను డ్రైవరుగా చేరేటప్పటికి ఆయన బస్టాండులో టైమ్‌కీపరు. ఏ బండి ఎప్పుడు కదలాలి, ఎవరు తోలాలి అన్నది ఆయన చేతిలో ఉండేది. ఆయన విజిల్ వేస్తే తప్ప బస్సు కదలకూడదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చంకలో గొడుగు, బుగ్గన ఎప్పుడూ ఓ సొంఠి ముక్క. పొద్దున్నే ఒక్కో డ్రైవరు దగ్గరికి వచ్చి, ముఖంలోకి తేరిపార చూసి ఒకటే అడిగేవారు, రాత్రి నిద్ర పట్టిందా అని. బిడ్డకు జ్వరమనో, ఇంట్లో గొడవనో ఎవరైనా అంటే వాణ్ణి ఆ పూట దూరపు బండి ఎక్కనిచ్చేవారు కాదు. షెడ్డులోనో బుకింగు దగ్గరో వేరే పని చెప్పి, జీతం మాత్రం పోకుండా చూసేవారు. కొత్తలో మేమంతా నవ్వుకునేవాళ్లం, అత్తగారు కోడల్ని అడిగినట్టు ఇదేం ప్రశ్న అని. ఒకసారి మా సీనియరు డ్రైవరు ఆ మాట పైకే అనేశాడు.

"బ్రేకు చూస్తాం. టైరు తట్టి చూస్తాం. తోలేవోణ్ణి చూడొద్దా?" అన్నారాయన, ముఖంలో నవ్వన్నది లేకుండా.

తర్వాత నా వంతు వచ్చింది. వరికోతల రోజుల్లో మైపాడు బండి తోలుకుపోతున్నాను. రోడ్డు పక్కన గడ్డిమోపుతో ఒకావిడ నడుస్తోంది, వెనక దూడ. హారన్ వేస్తే పక్కకు తప్పుకుంది. దూడ బెదిరి రోడ్డు మీదికి ఉరికింది. దానికోసం ఆమె వెనక్కి తిరిగి పరుగెత్తింది. అంతే. నేను బ్రేకు మీద నిలబడ్డాను గానీ బండి నిలవలేదు.

పోలీసులు వచ్చారు, కోర్టు నడిచింది, తప్పు నాది కాదన్నారు. మళ్లీ డ్యూటీ ఎక్కాను. ఎక్కానే గానీ ఆ చోటు నన్ను వదల్లేదు. కళ్లు మూస్తే గడ్డివాసన వచ్చేది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు. ఆ కోర్టు రోజుల్లో టైమ్‌కీపరుగారిని కావలి బ్రాంచికి పంపారు. నెల్లూరులో ఆయన బదులు నిలబడ్డవాడికి మా ముఖాలతో పనిలేదు. తోటివాళ్లు నన్ను చూసి "కోర్టే వదిలేసింది గదరా, నీకేంది?" అని నవ్వేవాళ్లు. ఇంట్లో అమ్మ ఆ చనిపోయినావిడే పట్టిందని తాయెత్తు కట్టించింది.

ఒక మధ్యాహ్నం బస్సు నిండా జనంతో ఆ చోటికి వచ్చేసరికి కాలు దానంతటదే బ్రేకు తొక్కేసింది. మళ్లీ తియ్యలేకపోయాను. ఇంజను ఆగింది. జనం అరిచారు, తాగానన్నారు, కొందరు దిగి నడిచిపోయారు. నేను సీటులోనే కూచున్నాను. కావలి నుంచి ఆ పొద్దుటే తిరిగి వచ్చిన టైమ్‌కీపరుగారికి ఎదురు బండివాళ్లు కబురు చేశారు. ఆయన సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ వచ్చి, వేరే డ్రైవరుతో బస్సును పంపేసి, నన్ను కాలవ గట్టు మీద కూచోబెట్టుకున్నారు. మరిచిపో అనలేదు. ధైర్యంగా ఉండమనలేదు. ఎన్నాళ్లయింది నిద్రపోయి అని అడిగారు. చెప్పాను. అప్పుడాయన నన్ను ఇంటికి తీసుకుపోయి, మా ఆవిణ్ణీ అమ్మనూ ఎదురుగా కూచోబెట్టుకున్నారు.

"ఇది దయ్యమూ కాదు, తాగుడూ కాదు. జబ్బు. ఒక మనిషి పాణం పోతే ఏమీ కానట్టు తెల్లారి బండెక్కేవోణ్ణి చూస్తే నాకు భయం గానీ, ఈయన్ను చూస్తే కాదమ్మా."

తాయెత్తు మాత్రం విప్పమనలేదు. ఉంటే ఉండనీ, నిద్ర కూడా ఉండాలి అన్నారు. మర్నాడు నన్ను డాక్టరు దగ్గరికి తానే తీసుకుపోయి మందు రాయించారు.

ఓనరుగారు మాత్రం ఒప్పుకోలేదు. పిచ్చివాణ్ణి పెట్టుకుని బస్సులు నడపలేను, లెక్క చూసి ఇంటికి పంపెయ్యమన్నారు. ఆ మాట నేను ఆఫీసు గుమ్మం బయట నిలబడి విన్నాను. నా జీవితంలో అంత చిన్నగా ఎప్పుడూ అయిపోలేదు. లోపల్నుంచి టైమ్‌కీపరుగారి గొంతు వినిపించింది.

"రేడియేటరు కాగితే బండిని పక్కన పెట్టి, చల్లారినాక నీళ్లు పోస్తాం గదా సార్. పాత ఇనుముకు అమ్మేస్తామా? మనిషికి ఆ మాత్రం ఆగేదానికి లేదా?"

ఓనరుగారు తన మాటే తనదన్నారు. సరే, ఈయన్ను పంపితే రేపటి నుంచి నేను విజిల్ వెయ్యను అన్నారు టైమ్‌కీపరుగారు.

వెయ్యలేదు. మర్నాడు పొద్దున బస్టాండులో బండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. జనం ఎక్కి కూచున్నారు. ఆయన మాత్రం బల్ల మీద గొడుగు పెట్టుకుని సొంఠి నములుతూ కూచున్నారు. ఓనరుగారి మనిషి వచ్చి, విజిల్ లేకుండానే తియ్యమని డ్రైవర్లకు చెప్పాడు. అప్పుడు, నన్ను అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసిన ఆ సీనియరు డ్రైవరే ముందుగా బండి దిగాడు. తనకూ మూడేళ్లుగా నిద్ర లేదని, తమ్ముడు పోయినప్పటి నుంచీ లేదని, ఎవరికీ చెప్పలేదని అందరి ముందూ అన్నాడు. వెనకే ఇంకో ఇద్దరు దిగారు, తర్వాత మిగతావాళ్లంతా. ప్రయాణికుల్లో తిట్టినవాళ్లున్నారు, సంగతి తెలుసుకుని ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. ఎండెక్కేదాకా నెల్లూరు నుంచి మా బస్సు ఒక్కటీ కదలలేదు.

ఓనరుగారు దిగివచ్చారు. నన్ను షెడ్డులో బండ్లు కడిగే పనికి ఉంచారు, బాగయ్యాక మళ్లీ తోలనిస్తామన్నారు. కానీ ఆ పొద్దుటిని ఆయన మరచిపోలేదు. కొన్నాళ్లకు టైమ్‌కీపరుగారిని బల్ల మీంచి తీసేసి, దారిలో టికెట్లు చెక్ చేసే పనిలో వేశారు. ఆ వయసులో ఎండలో, వానలో రోడ్డు పక్కన నిలబడి బస్సు ఆపి ఎక్కేవారు. ఎక్కగానే టికెట్ల కంటే ముందు డ్రైవరు ముఖం చూసేవారు. ఉద్యోగం మారిందే గానీ ప్రశ్న మారలేదు. చివరిదాకా ఆయనకు మళ్లీ ఆ బల్ల ఇవ్వలేదు. ఇవ్వమని ఆయన అడగనూ లేదు.

మాలో కొందరు నన్నిప్పటికీ చాటున పిచ్చి డ్రైవరంటారు. అననీ. నాకు మనసు జబ్బు చేసింది, వైద్యం చేయించుకున్నాను, బస్సు తోలుతున్నాను. ఇందులో దాచుకోవలసింది ఏముంది? వరికోతల రోజులొస్తే ఇప్పటికీ నిద్ర చెదురుతుంది. ఆ మాట పొద్దున్నే చెప్పి, ఆ పూట బండి ఎక్కను. ఎవడు నవ్వినా సరే.

నేను మళ్లీ స్టీరింగు పట్టిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. షెడ్డులో చేరిన కొన్ని నెలలకు ఒక ఆదివారం, ఆరాధన ముగించుకుని ఆయన చర్చి నుంచి నేరుగా వచ్చారు. ఖాళీ బస్సు తియ్యమన్నారు. పక్కన కూచున్నారు. మైపాడు దారి. ఆ చోటు దగ్గరికి రాగానే ఆపమన్నారు. ఏడవాలంటే ఏడువు, తొందరేం లేదు అన్నారు. ఏడ్చాను. ఆయన కిటికీలోంచి పొలాలకేసి చూస్తూ కూచున్నారు. నేను ముఖం తుడుచుకుని గేరు వేశాను.

సముద్రం దాకా పోయాం. అక్కడ సరుగుడు తోపు నీడలో బండి ఆపాక ఆయన ఎన్నడూ చెప్పని మాట చెప్పారు. యుద్ధకాలంలో బర్మా వైపు మిలిటరీ లారీ తోలారట. ఆయన స్నేహితుడు ఒకడు భయంతో వణికిపోతుంటే పిరికివాడని తిట్టి మళ్లీ లారీ ఎక్కించారట. ఆ లారీ లోయలోకి పోయింది. ఇంటికి వచ్చాక ఈయన మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు.

చెప్పి, "దిగబ్బయా" అన్నారు. దిగాను. ఆయన నా సీటులో కూచున్నారు. బండి ఒకసారి కుదుపుతో ఆగింది, మళ్లీ కదిలింది. తోపు పక్కన గట్టినేల మీద చుట్టూ తిప్పారు, ఒక చుట్టు, ఇంకో చుట్టు. చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్లు లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. ఆయన బండిని సముద్రానికి ఎదురుగా తిప్పి ఆపి, కిటికీలోంచి తెల్లచొక్కా చెయ్యి బయటికి చాచి, ఎదురుగా ఎవరూ లేకపోయినా, హారన్ మోగిస్తూనే ఉన్నారు.