నలుగురం దిగని ఫోటో

“పసుపు చీర పెట్టెలోంచి తీసేశావా?”

“తీసేశాను అక్కా.”

రత్నం అక్కకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. బహ్రెయిన్‌లో, ముహర్రక్ ఊళ్ళో మేమిద్దరం పనిచేసే ఇంటి గేటు దగ్గర, నన్ను ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళే కారు పక్కన నిలబడి అడిగింది. మా ఆయన పోయాడని ఆ ఉదయమే కబురు వచ్చింది. ఆమె మాత్రం ఇంకేం అడుగుతుంది? నేను మాత్రం ఇంకేం చెబుతాను?

ఈ రోజు ఆ మాటలు మళ్ళీ చెవిలో పడ్డాయి. ఇప్పుడు నేను పనిచేసేది బహ్రెయిన్‌లోనే, అమ్వాజ్ అనే చోట, మన దేశం వాళ్ళింట్లో. రేపు వాళ్ళు సముద్రం ఒడ్డున కుటుంబమంతా ఫోటోలు దిగుతారట. మేడమ్ మంచం నిండా బట్టలు పరిచి ఇస్త్రీ చేయమంది. వేడి ఇస్త్రీ పెట్టె తగలగానే పట్టుచీర నుంచి ఆవిరి లేచింది. ఆ వాసనకి నా చెయ్యి ఆగిపోయింది. “ఒసేయ్, అంచు కాలుద్దే, పైన గుడ్డ ఏసుకో” అని అక్క వెనకాల నిలబడి అన్నట్టే ఉంది. అందుకే ఇవాళ ఫోన్‌లో మా చెల్లెలి కూతురు సుజాతను కూర్చోబెట్టి, చెప్పి రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్పకపోతే అక్క గురించి రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

రత్నం అక్కది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకన్నా చాలా ముందు బహ్రెయిన్ వచ్చింది. ఆ ఇంట్లో వంట ఆమెది, బట్టలూ ఊడ్పులూ నావి. వచ్చిన కొత్తలో ఒకరోజు ఏడ్చి ఏడ్చి, ఆ ముఖంతోనే ఫోటో తీసుకుని ఇంటికి పంపబోతే ఫోన్ లాక్కుంది. “ఈ మొహం చూసి మీ ఆయనకి ముద్ద దిగుద్దంటే? ఎల్లి కడుక్కురా.” కడుక్కుని వచ్చి, సముద్రం దగ్గర తీయమన్నాను. దానికీ ఒప్పుకోలేదు. “ఎనకాల సముద్రం కనపడితే షికార్లు కొడతందంటారు ఊళ్ళో. పాచి గుడ్డల్లో కనపడితే మీ అమ్మ మంచం పడుద్ది. షికారూ కాకూడదు, ఏడుపూ కాకూడదు. రెంటికీ మజ్జన ఉండాలి.” ఆ మధ్య చోటు ఎక్కడుందో ఆమెకే తెలుసు. శుక్రవారం సెలవు దొరికితే మన ఆడవాళ్ళని ముహర్రక్ సందుల్లో తిప్పి, ఒక్కొక్కరికీ ఒక్కో గోడ చూపించేది. నూనె చింది చెయ్యి కాలినవాళ్ళకి పొడుగు చేతుల జాకెట్టు. మెడ బోసిగా ఉన్నవాళ్ళకి పైట నిండుగా. ఎంత నవ్వాలో కూడా ఆమే చెప్పాలి. “పళ్ళు కనపడాలే, చిగుళ్ళు కాదు. జీతం పెరిగిందనుకుంటారు” అనేది. అందరం అప్పుడే నిజంగా నవ్వేవాళ్ళం. అప్పుడు నొక్కేది.

మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాకే, మేము నలుగురం కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదని నాకు తట్టింది. చిన్నవాడు నడక నేర్వకముందే నేను వచ్చేశాను. మళ్ళీ ఇంటికి వెళ్ళింది లేదు. మా పక్క ఊరి స్టూడియో ఆయన, “నువ్వు తెల్లగోడ ముందు ఒక్కదానివే దిగి పంపమ్మా, ఇక్కడ ఈ ముగ్గురి పక్కన అతికించేస్తాను” అన్నాడు. మాలాంటి వాళ్ళ ఇళ్ళల్లో ఉండేవి చాలావరకు అతికించిన ఫోటోలే. నా చెయ్యి మా అమ్మాయి భుజం మీద ఉండాలని అక్క అంది. వంటింట్లోంచి ఐసు డబ్బా తెచ్చి, దాని మీద బియ్యం బస్తా పెట్టింది.

“ఎంతుంటాదే పిల్ల?”

“ఇదిగో అక్కా, నా నడుం దాటి ఇంత.”

బస్తా మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఫోటో వచ్చాక చూస్తే నా చెయ్యి పిల్ల మోచేతి దగ్గర ఉంది, ఎవరో పట్టి లాగుతున్నట్టు. పిల్ల నా గడ్డం దాకా ఉంది. ఫోన్‌లో ముఖమే కదా కనపడేది, ఎత్తు ఎలా తెలుస్తుంది? “అమ్మా, నేను ఇంకా అంతే ఉన్నాననుకుంటున్నావా?” అని నవ్వబోయింది పిల్ల. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అక్క ఆ ఫోటో చాలాసేపు చూసింది. ఒక్క జోకు కూడా వేయలేదు. “అతుకులు ఇంక చాలే. నువ్వే ఎల్లి దిగాలి. ఆడు ఉండగానే దిగాలి” అంది.

ఆ రోజు నుంచి అదే మా పని. రంజాన్ వంటల హడావిడి అయ్యాక పండగ వెళ్ళగానే సెలవిస్తానని ఆ ఇంటి మేడమ్ ఒప్పుకుంది. అక్క మా ఆయనతో ఫోన్‌లో మాట్లాడి ఎవరు ఏం కట్టాలో తేల్చింది. “తమ్ముడూ, తెల్లచొక్కా వద్దు, మొహం పాలిపోయినట్టు కనపడుద్ది. నీలం ఏసుకో. నీ పెళ్ళానికి పసుపు చీర. పిల్లలకి ఆ రెండు రంగుల్లోవే.”

“కాళ్ళు వాచిపోయాయక్కా, చెప్పులు పట్టవు.”

“నీ కాళ్ళు ఎవడిక్కావాలి? నిన్ను కుర్చీలో కూకోబెట్టి, ముందు చిన్నోణ్ణి కూకోబెట్టిస్తాను.”

మా ఆయన పగలబడి నవ్వాడు. “పెళ్ళిలో కూడా నన్నెవరూ ఇంతలా ముస్తాబు చెయ్యలేదక్కా.” ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. డయాలసిస్‌కి వెళ్ళొచ్చిన రోజు కూడా ఫోటో మాటే మాట్లాడేవాడు. ఇల్లంతా వేయించలేక, వాకిట్లో ఫోటోకి కనపడేంత మేర గోడకి మాత్రం సున్నం కొట్టించాడు. “సరిపోద్దా అక్కా?” అని ఫోన్ తిప్పి చూపించాడు. “ఇంకో జానెడు ఎడంపక్కకి” అంది అక్క. అదీ కొట్టించాడు. పండగ ఇంకా రానేలేదు. డయాలసిస్ బల్ల మీదే గుండె ఆగిపోయింది.

నేను ఇల్లు చేరేసరికి, నేను చూడటానికి అట్టేపెట్టిన మనిషిని వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ మాసిన గోడలు. సున్నం కొట్టిన ఆ కాస్త గోడ ముందే ఆయన. తెల్లగా అదొక్కటే కనపడింది. అక్క చెప్పిన చోటే, అక్క చెప్పినంత వెడల్పే. నీలం చొక్కా కూడా ఎవరో తెచ్చి వేశారు. నాకు ఏడుపు రాలేదు.

దినం కాకముందే బహ్రెయిన్ నుంచి ఫోన్ వచ్చింది. అక్క వంటింట్లో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయిందట. పెట్టెలో పెట్టి రాజోలు పంపారు. నేను వెళ్ళలేకపోయాను. అందరి ఫోటోలూ ఆమే తీసింది కాబట్టి ఆమెది ఒక్కటీ దొరకలేదు. గుర్తింపు కార్డు మీద ఉన్న ముఖాన్నే పెద్దది చేయించి దండ వేశారని ఆమె కొడుకు చెప్పాడు.

ఫోటోకి అనుకున్న రోజున స్టూడియో ఆయన కెమెరా పట్టుకుని వచ్చాడు. పక్క ఊళ్ళో ఉంటాడు, అతనికి తెలియదు. వాకిట్లో బొట్టు లేకుండా ఉన్న నన్ను చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. “ఆయన పాత ఫోటో ఉంటే ఇవ్వమ్మా, కలిపి ఇస్తాను” అన్నాడు.

“వద్దు బాబూ. ఇంక కలపొద్దు” అన్నాను.

ఆ ఫోటో లేదు. ఎప్పటికీ లేదు. ఇవాళ మేడమ్, “నాగమణీ, సార్‌కి ఏ రంగు చొక్కా బాగుంటుంది?” అని అడిగితే తడుముకోకుండా చెప్పాను. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో, నీరసంగా ఉన్నవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో అక్క నాకు అన్నీ నేర్పింది. ఊళ్ళవాళ్ళ సంసారాలన్నీ నేను ఫోటోలో నిలబెట్టగలను. నా పిల్లలు మాత్రం ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతూనే ఉంటారు, “అమ్మా, పోనీ ముగ్గురం దిగుదామా?” అని. సరే అనడానికి నోరు రాదు. ముగ్గురం దిగామంటే ఇంక మేము ముగ్గురమే అని ఒప్పుకున్నట్టే.

అయిపోయింది సుజాతా. ఇంతకన్నా చెప్పలేను. అక్క మాటల్ని నువ్వేమీ దిద్దలేదు కదా? ఆమె అన్నట్టే ఉండాలి. ఏదీ, ఒకసారి మొదట్నుంచీ చదివి వినిపించు తల్లీ.