గుండు లేని గంటతో దుమ్ముగూడెం దాకా

మా మధిర మెథడిస్టు సంఘంలో నలభై కుటుంబాలు కూడా లేవు గానీ, కమిటీలు మాత్రం ఆరున్నాయి. వాటిలో స్త్రీల సమాజానికి నేను కార్యదర్శిని. వారమంతా తహసీల్దారు ఆఫీసులో టైపు కొడతాను, ఆదివారం చర్చిలో మినిట్స్ రాస్తాను. నా ప్రయాణం కూడా ఆ మినిట్స్ పుస్తకంలోనే మొదలైంది.

ఆ ఏడు కోత పండుగకు సంఘం కొత్త మైకుసెట్టు కొన్నది. పొద్దున్నే పాటలు వేస్తే ఊరవతలికి వినబడుతోంది. ఇక గంటెందుకన్నారు ఎవరో. దుమ్ముగూడెం అవతల అడవిపల్లెలో మన సంఘమే చిన్నదొకటుంది, వాళ్లకు గంట లేదు, ఎప్పటినుంచో అడుగుతున్నారు, మన పండుగ కానుకగా పంపుదామన్నారు ఇంకెవరో. చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు, నేను తప్ప.

ఆ గంటను మా నాన్న ముప్పై ఏళ్లు కొట్టాడు. మూడు దెబ్బలు కొట్టి, కాసేపు ఆగి, నాలుగోది కొట్టేవాడు. ఆ నాలుగోది ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసమనేవాడు. నాన్న పోయి నాలుగేళ్లయింది. గంటను ఎవరు కొట్టినా మూడుతో సరిపెట్టేస్తున్నారు. అయినా అది అక్కడ వేలాడుతుంటే నాకు ధైర్యంగా ఉండేది.

వద్దన్న నన్నే తీసుకెళ్లమన్నారు. సరేనని ఒక షరతు పెట్టాను: గంటకు తగిన చోటు అక్కడ లేకపోతే వెనక్కి తెచ్చేస్తాను. మినిట్స్ రాసేది నేనే కాబట్టి షరతు పుస్తకంలోకి ఎక్కింది. ఎవరూ చదవలేదు, ఎప్పుడూ చదవరు.

తోడుగా మా అమ్మ మరియమ్మ బయల్దేరింది. డెబ్బై దాటినా నాకన్నా జల్దీ నడుస్తుంది. మూట కడుతూ నేను కళ్లు తుడుచుకుంటుంటే చూసి, "మీ నాన్న గంట కొట్టిండు గానీ గంటను చేసుకోలేదే. చేసుకుంది నన్ను. నేనే ఏడవట్లా, నీకేంది?" అంది.

నవంబరులో ఒక శనివారం పొద్దున ఆరున్నర ప్యాసింజరుకు ఎక్కాం. పాత దుప్పటిలో చుట్టి, గోనెసంచిలో పెట్టిన పన్నెండు కిలోల కంచు గంట మా ఇద్దరి మధ్య మూడో మనిషిలా కూర్చుంది. ఎనిమిదింటికి ఖమ్మంలో దిగి, బస్టాండు ముందు ఇడ్లీ తిన్నాం. చట్నీలో కారం ఎక్కువ, కొబ్బరి తక్కువ. ఈ దారిన వెళ్లేవాళ్లు దోసె చెప్పుకోండి.

తొమ్మిదింటికి భద్రాచలం బస్సు దొరికింది. సీటూ దొరికింది, గంటకు లగేజీ టికెట్టూ పడింది. ఊరు దాటగానే మొదటి గుంత వచ్చింది, సంచిలో గంట ఖంగుమంది. డ్రైవరు బ్రేకు వేశాడు. దిగేవాళ్లు ఎవరని కండక్టరు అరిచాడు. ఎవరూ దిగలేదు. బస్సు కదిలింది, రెండో గుంతకు మళ్లీ ఖంగుమంది, మళ్లీ ఆగింది. మూడోసారి కండక్టరు మా దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, గంట కొడితే ఆపాలె, అది మా రూలు. నువ్వు గిట్ల గుంతకొకసారి కొడితే భద్రాచలం రేపొస్తది."

మూట విప్పి, లోపల వేలాడే ఇనుప గుండును కొక్కెం నుంచి ఊడదీశాను. చేతిరుమాల్లో చుట్టి నా హ్యాండుబ్యాగులో వేసుకున్నాను. కండక్టరు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఈలోగా విప్పిన గంటను బస్సంతా చూసింది. వెనక సీట్లో నేలకొండపల్లి వైపు నుంచి రామయ్య దర్శనానికి వెళ్తున్న కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దావిడ ముందుకు వంగి, "దేవుడికా అమ్మా?" అని అడిగింది.

"అవ్, దేవునికే" అంది మా అమ్మ.

ఆవిడ వెంటనే కొంగుముడి విప్పి, గంటకు కుంకుమ బొట్టు పెట్టి కళ్లకద్దుకుంది. పక్కనున్నావిడ పసుపు రాసింది. కొత్తగూడెం వచ్చేసరికి మా మెథడిస్టు గంట పెళ్లికూతురిలా తయారైంది. నేను ఏదో చెప్పబోతే అమ్మ తొడమీద గిల్లింది.

"దేవునికి తీస్కపోతున్నమన్న. అబద్ధమా?"

అబద్ధం కాదు. ఆ బస్సులో ఆ రోజు ఎవరూ అబద్ధమాడలేదు. అది నా వంతుకు మిగిలింది.

ఒంటిగంట దాటాక భద్రాచలంలో దిగాం. కరకట్ట దగ్గరి హోటల్లో భోజనం చేశాం. పప్పు బాగుంది, పెరుగు అడిగితేనే వేస్తారు. రెండున్నరకు దుమ్ముగూడెం జీపు. ఎనిమిది మంది ఎక్కాల్సిన దాంట్లో పధ్నాలుగు మందిమి, రెండు కోళ్లు. దుమ్ముగూడెంలో సువార్తికుడు యోహాను గారు సైకిలుతో ఎదురుచూస్తున్నారు. నలభై అయిదేళ్లుంటాయి, సన్నగా ఉంటారు. అయిదు పల్లెలకు ఆయనొక్కరే, ఆ అయిదింటికీ ఆ సైకిలొక్కటే. గంటను క్యారియర్‌కు కట్టి, రెండు మైళ్లు నడిపించుకుంటూ తీసుకెళ్లి, పల్లె ముందున్న వాగు దాటించారు. గంటకు కుంకుమేమిటని ఆయన అడగలేదు, మేము చెప్పలేదు.

సాయంత్రం అయిదింటికి చేరాం. మందిరమంటే నాలుగు టేకు గుంజలు, పైన తాటాకు. లోపల మేకలు పడుకొని ఉన్నాయి.

"వాటికీ నీడ గావాలె గదమ్మా" అన్నారు యోహాను గారు సిగ్గుపడుతూ. "ఆదివారం మాత్రం బయటికి తోలుతం."

నాకు లోలోపల ఎంత సంతోషమైందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. నా షరతుకు కావలసినవన్నీ కళ్లముందున్నాయి, కొమ్ములతో సహా. కానీ అప్పటికే పాతికమంది పోగయ్యారు. ఆడవాళ్లు కోయభాషలో ఏదో చెప్పుకుంటూ గంటను తడిమి చూస్తున్నారు. వాళ్ల ముందు మేకల మాట ఎత్తడానికి నోరు రాలేదు.

యోహాను గారు గంటను బోర్లించి లోపల చెయ్యి పెట్టారు. "గుండేదమ్మా?"

హ్యాండుబ్యాగు నా చంకలోనే ఉంది. గుండు లేకపోతే గంట కట్టరు, కట్టని గంటను ఏంచేస్తారు, నా వెంట పంపించేస్తారు. ఆ లెక్కంతా రెప్పపాటులో అయిపోయింది.

"బస్సులో పోయింది" అన్నాను.

అమ్మ నావైపు ఒక్కసారి చూసి, మేకలను చూస్తూ కూర్చుంది.

యోహాను గారు ఏమాత్రం నిరాశపడలేదు. "మోకరించండ్రి" అన్నారు. పాతికమంది అక్కడే మోకాళ్లమీద పడి, పోయిన గుండు దొరకాలని ప్రార్థించారు. దాన్ని చంకలో పెట్టుకొని నేనూ మోకరించాను. చివర ఆమెన్ మాత్రం అనలేకపోయాను.

ప్రార్థనయ్యాక ఒక ముసలమ్మ గంట పక్కనే కూలబడి, అరచేత్తో దాన్ని నిమురుతూ ఉండిపోయింది. పేరు లచ్చమ్మ. వాగవతల చేలో ఒంటిగా గుడిసె వేసుకొని, పంట కావలి కాసుకుంటూ ఉంటుందట.

"ఆమెకోసమే గంట అడిగినమ్మా" అన్నారు యోహాను గారు మెల్లగా. "ఒక్కతే ఉంటది, దినాలు లెక్క తప్పుతది. ఆదివారమనుకొని సోమవారమొస్తది. ఎవ్వరుండరు. ఒక్కతే కూసొని, ఒక పాట పాడుకొని పోతది."

ఆ రాత్రి పెట్టిన కోడికూర రుచి నాకు తెలియలేదు. అమ్మ రెండుసార్లు వేయించుకుంది.

ఆదివారం లేచేసరికి యోహాను గారు లేరు. కోడికూతకు ముందే సైకిలెక్కి, గుండు వెతకడానికి భద్రాచలం డిపోకు వెళ్లారని తెలిసింది. తొమ్మిదిన్నరకు కనుబొమ్మల దాకా దుమ్ముతో తిరిగొచ్చారు. "డిపోల ఒక గొడుగు, రెండు టిఫినుడబ్బాలు ఉన్నయ్. గొడుగు మంచిదే. గుండు మాత్రం లేదమ్మా" అన్నారు నన్నే ఓదారుస్తూ.

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది అమ్మ నా చెవిలో. చెప్తానన్నాను. ఎప్పుడో చెప్పలేదు.

ఆ రోజు ప్రేమవిందు. మెథడిస్టుల పాత పద్ధతి అది, మా మధిరలో మానేసి చాలా ఏళ్లయింది. ఈ పల్లెవాళ్లు మానలేదు. అందరికీ తలా ఒక జొన్నరొట్టె ముక్క, ఒకే చెంబుతో నీళ్లు. ఎవరి ముక్క వాళ్లు తినకూడదు, పక్కవాళ్ల చేతికివ్వాలి, వాళ్లది మనం తీసుకోవాలి. ఆ తర్వాత ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెప్పాలి, అంటే మనసులో ఉన్నది దాచకుండా అందరి ముందు చెప్పాలి.

రొట్టె పంచబోతుండగా లచ్చమ్మ లేచి, గంట దగ్గరికి వచ్చి, కొంగు కింద నుంచి ఒక గొడ్డలి తీసింది. కర్ర ఊడదీసిన ఉత్త ఇనుప గొడ్డలి. నూరి నూరి అరిగిపోయి ఉంది.

"గుండు పోయిందంట గద. దీన్ని కట్టుండ్రి. మోగుతది."

"మరి కట్టెలెట్ల కొట్టుకుంటవ్?" అన్నారు యోహాను గారు.

"ఏరుకుంట."

నా వల్ల కాలేదు. లేచి బ్యాగు తెరిచి, రుమాలు విప్పి, గుండు పైకెత్తాను. చెప్పడానికి నోరు తెరిచానో లేదో, యోహాను గారు రెండు చేతులూ పైకెత్తి, "స్తోత్రం! దేవుడు ప్రార్థన ఆలకించిండు!" అని కేక పెట్టారు. జనమంతా చప్పట్లు. ఒకాయన డప్పు అందుకున్నాడు. పాట ఎత్తుకున్నారు. గుండు పట్టుకొని నేను మధ్యలో నిలబడిపోయాను. కూర్చుందామా అని కూడా అనిపించింది, ఆ మాట దాచను.

"కూసోకు. మొత్తం చెప్పు" అంది అమ్మ.

పాట అయిదు చరణాలు. అయిదూ అయ్యేదాకా ఆగి చెప్పాను. "అద్భుతం కాదండీ. గుండు పోలేదు. నిన్నటి నుంచి నా సంచిలోనే ఉంది. గంట ఇవ్వబుద్ధి గాక అబద్ధమాడాను. అది మా నాన్న కొట్టిన గంట." ఇంకేదో చెప్పాలనుకున్నాను గానీ ఏడుపొచ్చేసింది.

యోహాను గారు తన సైకిలు వైపు ఒకసారి చూసుకున్నారు. యాభై కిలోమీటర్లు తొక్కిన మనిషి ఆయన. "పోనీ లేమ్మా, డిపోవాళ్లతోని పరిచయమైంది" అన్నారు.

లచ్చమ్మ తన గొడ్డలి తాను తీసుకొని, అంచును బొటనవేలితో చూసుకుంది. కూర్చోలేదు. "సాక్ష్యాలు షురువైనయా? అయితే నేను గూడ చెప్త" అంది.

"నేను దినాలు మరిసిపోయి సోమవారం వస్తనని అయ్యగారు చెప్తడు. నాకు దినాలు బాగనే తెలుసు. ఆదివారమొస్తే రొట్టె పక్కదానికియ్యాలె. పక్కన మా తోడికోడలు గంగమ్మ కూసుంటది. మూడేండ్ల కింద పొలం గట్టుమీద నన్ను అనరాని మాటన్నది. దాని చేతి రొట్టె తినబుద్ధిగాక సోమవారమొస్తున్న."

మొదట నవ్వింది మా అమ్మ. తర్వాత మందిరమంతా నవ్వింది. గంగమ్మ ఒక్కతే నవ్వలేదు. అవతలి గుంజ దగ్గరి నుంచి లేచి వచ్చి, లచ్చమ్మ పక్కన గట్టిగా చతికిలబడి, తన రొట్టె ముక్క ముందుకు చాచింది. లచ్చమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మాడ్చినవ్" అంది. అని, తిన్నది.

మధ్యాహ్నం గుంజకు అడ్డకర్ర కట్టి గంటను వేలాడదీశారు. గుండును కొక్కేనికి నేనే తగిలించాను. కొట్టే పని లచ్చమ్మకు అప్పజెప్పారు, ఇక ఆదివారం తెలియలేదనడానికి వీల్లేకుండా. మూడు కొట్టి, ఆగి, నాలుగోది కొట్టడం నేర్పించాను. నాలుగోది ఎవరికని అడిగింది. ఆలస్యంగా వచ్చేవాళ్లకన్నాను. తలూపింది.

వాగు దాకా వచ్చే జీపు పొద్దున ఒక్కటే, ఆదివారం అదీ లేదు. సోమవారం పొద్దున ఏడింటికి వాగు దాటి రోడ్డు మీద నిలబడ్డాం. హ్యాండుబ్యాగులో దువ్వెన, టికెట్ డబ్బులు, ఖాళీ రుమాలు మిగిలాయి. షరతు సంగతి పుస్తకంలో ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నాను. జీపు దుమ్ము దూరంగా కనబడుతుండగా గంట మోగింది.

"ఇయ్యాల సోమవారం గదే!" అంది అమ్మ.

మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన యోహాను గారు సైకిలు మీద ఒక కాలు పెట్టి అలాగే ఆగిపోయారు. చేలల్లో కొడవళ్లు ఆగాయి. ఎవరికేమైందోనని జనం మందిరం వైపు పరుగు తీశారు. అందరికన్నా ముందు, చీర మోకాళ్లదాకా ఎగ్గట్టుకొని, గంగమ్మ తిట్టుకుంటూ పరుగెత్తుతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. మూడేళ్లుగా ఒక్కతే కూర్చొని పాడుకున్న సోమవారానికి లచ్చమ్మ అందరినీ పిలిచింది.

జీపువాడు హారను కొట్టాడు. అమ్మ ఎక్కి కూర్చుంది. నేను మాత్రం ఒక కాలు లోపల, ఒక కాలు రోడ్డుమీద పెట్టి లెక్కపెడుతున్నాను. అప్పటికి మూడే మోగాయి. డ్రైవరు గేరు వేస్తుంటే, ఆగయ్యా, ఇంకొకటుంది అన్నాను. అతను విసుక్కుంటూ ఆగాడు. చాలాసేపు ఏమీ వినబడలేదు.

తర్వాత నాలుగోది మోగింది.