అత్త పాట, మామ సెట్టు

పోయిన నెల ఒక పొద్దున నేను ప్రొద్దుటూరులో మా ఇంటి ముందర కూర్చొని పేపరు తిరగేస్తుంటే, జమ్మలమడుగు నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. వాడు మా మామ కొడుకు. మామ పోయి ఏడాది దాటింది. ఆయన పాత కారును అమ్మేయాలని వాడు కొన్నాళ్ళుగా తిరుగుతున్నాడు. "బావా, బెంగళూరు నుంచి పాత కార్లు కూడబెట్టే ఒకాయప్ప కారు సూడను వచ్చినాడు. ఇంజను సూల్లేదు, టైర్లు సూల్లేదు. ఎక్కీ ఎక్కంగానే దీని పాత రేడియో యాడబ్బా అంటాండాడు. అది ల్యాకుంటే బేరమే వద్దంట" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ రేడియో మా ఎరుకలో ఒక్కనాడూ పలికిన పాపాన పోలేదు. దాన్ని పెరికించి, ఆ చోట మంచి పాటల సెట్టు పెట్టించడానికి మామ పడిన తిప్పలన్నీ నాకు తెలుసు. అవి గుర్తుకొచ్చేసరికి నవ్వు కాస్తా ఎటుపోయిందో పోయింది.

మామకు జమ్మలమడుగు పక్కన నాపరాళ్ళ గని ఉండేది. రాళ్ళు తోలడానికి లారీ కొనుక్కొస్తానని బెంగళూరు పోయిన మనిషి, అమెరికా కారుతో ఇల్లు చేరాడు. రెండే తలుపులు, మంచమంత పొడుగు మూతి. ఇంజను ఒక్కసారి గుర్రుమంటే వీధిలో బర్రెలు పగ్గాలు తెంపుకొనేవి. "లారీ యాడుండాదయ్యా?" అని అత్త వాకిట్లోనే నిలేసింది. "లారీకుండే బలమంతా దీంట్లోనే ఉండాది, ఎక్కి కూచోమ్మే" అన్నాడు మామ. ఎక్కితే తెలిసిందేమిటంటే, దాని స్టీరింగు ఎడమపక్కన ఉంది. మన బండ్లలో డ్రైవరు కూర్చునే కుడిపక్కన అత్త కూర్చోవాలి. అదేం చూడముచ్చటో గానీ, ఎదురొచ్చే జనం కంటికి మాత్రం ఒక ఆడమనిషి చేతులు ఒళ్ళో పెట్టుకొని, తీరిగ్గా పాడుకుంటూ కారు తోలుతున్నట్టుండేది. సైకిళ్ళు దిగి దండం పెట్టినవాళ్ళను నేను వెనక సీట్లోంచి చూశాను.

పాట సంగతి చెప్పాలి. అత్త పుట్టిల్లు దువ్వూరు దగ్గర పల్లె. కలుపు తీతల పాటలు, పెళ్ళిళ్ళలో వియ్యంకుల్ని ఉతికి ఆరేసే పాటలు ఆమె నోట ఎన్ని ఉన్నాయో ఆమెకే తెలియదు. రేడియో మూగది కాబట్టి, కారు ఊరు దాటగానే ఆమె మొదలుపెట్టేది. మామ చిన్నప్పుడు చెక్కభజనలో చెక్కలు పట్టినవాడు. వేళ్ళకున్న ఉంగరాలతో స్టీరింగు మీద తాళం వేసేవాడు. మధ్యలో ఏ లారీయో అడ్డమొస్తే ఎడమపక్క కూర్చున్న ఆయనకు ముందు దారి కనబడదు. ఆ పని కూడా అత్తదే. పాట సగంలో తెంపి, మెడ బయటికి పెట్టి "ఆగాగు, బస్సొచ్చాంది" అనేది. బస్సు దాటిపోయాక "ఇంగ పో, ఖాళీ" అనేది. మామ లారీని దాటించి, స్టీరింగు మీద టక్కుమని ఒక దెబ్బ వేసేవాడు. తెంపిన అక్షరం దగ్గరే పాట మళ్ళీ అందుకునేది మా అత్త. ఒక్క మాట తప్పేది కాదు, శ్రుతి జారేది కాదు. ఇంత లక్షణమైన కాపురం నేను ఇళ్ళలో కూడా తక్కువ చూశాను.

అట్లా చాలా ఏళ్ళు గడిచాక మామకు ఒక ఆలోచన పుట్టింది. పాడి పాడి ఈ మనిషి గొంతు అలిసిపోతోంది, హాయిగా కూర్చొని వినే ఏర్పాటు చేయాలి అనుకున్నాడు. నన్ను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరులో కార్లకు సెట్లు బిగించే అంగడికి పోయాడు. అక్కడి మేస్త్రీ కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, "మామా, దీని ఇంజను రొదకు మామూలు సెట్టు ఆనదు. డోర్లు కొయ్యల్ల, డిక్కీలో పెద్ద బాక్సు పెట్టల్ల" అన్నాడు. మామ అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "ఏం కోచ్చావో కోయప్పా. మా ఇంటామె శానా బాగా పాడ్తాది. ఆ గొంతును ఇన్న చెవులివి. అంతకు తక్కువది పెడితే నాకు ఆనదు." అన్నాక సిగ్గుపడి, టీ తాగొస్తానని రోడ్డు మీదికి పోయాడు. డోర్లు కోశారు, డ్యాష్‌బోర్డు కోశారు, పాత రేడియోను ఊడబెరికి నా చేతిలో పెట్టారు. దాన్ని ఇంటికి తెచ్చి అత్తకిచ్చాను.

కొత్త సెట్టుతో మొదటి ప్రయాణం పులివెందులలో ఒక పెండ్లికి. పట్టుచీర కట్టుకొని అత్త ఎక్కగానే మామ బటన్ నొక్కాడు. అబ్బో, ఆ మోతకు నా వీపు కింద సీటు అదిరింది! "ఎట్లుండాది?" అని అరిచాడు మామ. "బాగుండాదిలేయ్యా" అంది అత్త. అంతే. ముద్దనూరు దాటినా ఆమె నోరు తెరవలేదు. లారీ అడ్డమొస్తే నోటితో చెప్పడం మాని, చెయ్యి ఊపింది. ఆమె గొంతు ఆ మోతలో వినబడదు మరి. మామ ముఖంలో మాత్రం పండగ. ఆమె మైమరచి వింటోందనుకున్నాడు పిచ్చి మనిషి!

నెలలు గడిచినా అత్త పాడలేదు. సెట్టులో వచ్చే పాటతోనైనా గొంతు కలుపుతుందని మామ ఎదురుచూశాడు. కలపకపోయేసరికి సెట్టు నచ్చలేదేమోనని దాన్ని తీయించి ఇంకా మంచిది పెట్టించాడు. ఆ తరువాత ఇంకొకటి. ఊళ్ళో అందరూ ఆయనకు ముసలితనంలో మోజు పట్టిందని నవ్వేవాళ్ళు. అత్తకు వయసైంది, ఓపిక తగ్గి పాట మానుకుందని మేమంతా అనుకున్నాం. ఒకసారి పులివెందుల నుంచి తిరిగొస్తుంటే, నేను వెనక సీట్లో ఉండగానే, మామ ఉన్నట్టుండి సెట్టు ఆపేశాడు. కాసేపు ఇంజను ఒక్కటే వినబడింది. ఆయన స్టీరింగు మీద ఉంగరంతో టక్, టక్ అని తాళం మొదలుపెట్టి, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. అత్త ఆయన చేతి వైపు చూసింది. "ఏమయ్యా, ఏమన్నా లూజయిందా?" అంది. "ఏం లేదులే" అని ఆయన మళ్ళీ సెట్టు పెట్టేశాడు. "పాడు" అని ఒక్క మాట నోరు విడిచి అడిగి ఉంటే ఏమయ్యేది? గనిలో నూరు మందిని గద్దించిన మనిషికి ఆ రెండక్షరాలు నోట రాలేదు. తరువాత గుండె జబ్బు వచ్చి, కారు షెడ్డుకెక్కింది. ఆయన వెళ్ళిపోయాడు.

బెంగళూరాయన అడిగిన రేడియో మా బామ్మర్ది ఇల్లంతా వెతికినా దొరకలేదు. విషయం తెలిసి అత్త తన ట్రంకుపెట్టె తెరిచి, పాత చీరలో చుట్టి పెట్టిన ఆ రేడియో తీసి ఇచ్చింది. వాళ్ళిద్దరూ కారులో ప్రొద్దుటూరు వచ్చారు. సెట్టంతా ఊడదీయించి, పాత రేడియోను దాని గూట్లో బిగించేసరికి సాయంత్రమైంది. కారు అమ్మేలోగా ఒకసారి ఎక్కాలనిపించి, నేనూ జమ్మలమడుగుకు బయలుదేరాను. బామ్మర్ది స్టీరింగు ముందర, అత్త కుడిపక్కన, నేను వెనక. కారులో అన్నేళ్ళ తరువాత మళ్ళీ ఇంజను మోత ఒక్కటే. ఊరు దాటాక ఉండబట్టలేక అడిగాను. "అత్తా, అప్పుడు పాడేదానివి కదా, ఎందుకు మానుకుంటివి?"

ఆమె వెనక్కి తిరగలేదు. "అంత దుడ్లు పోసి సెట్టు పెట్టిచ్చుకున్న్యాక ఇంగ నేనెందుకప్పా? ఇని ఇని ఇసుగు పుట్టింటాదిలే ఆ మనిషికి. నోరు మూసుకోమని నోటితో చెప్పల్యాక అట్ల చెప్పినాడు అనుకున్న్యా" అంది. కోపంగా కాదు, ఎప్పుడో అరిగిపోయిన మాటలాగా అంది. అంగడిలో మామ మేస్త్రీతో అన్న మాటలన్నీ పొల్లు పోకుండా చెప్పాను. గొంతు అలిసిపోతోందని ఆయన బాధపడిన సంగతీ చెప్పాను. ఆ రోజు స్టీరింగు మీద వేసింది తాళమని కూడా చెప్పాను. "లూజయిందా అంటి గదరా నేను" అంది అత్త, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

కాసేపటికి సన్నగా మొదలుపెట్టింది. మొదట దగ్గనుకున్నాను. కాదు, పాటే. దువ్వూరు కలుపు పాట. గొంతు వణికింది, అయినా అదే గొంతు. బామ్మర్ది తల్లి వైపు చూడబోయి, భయపడి రోడ్డు వైపే చూశాడు. ఒక చరణం అయింది. రెండోది సగంలో ఉండగా ముందర నాపరాళ్ళ లారీ అడ్డమొచ్చింది. అత్త పాట తెంపి, మెడ బయటికి పెట్టి, "ఆగాగు, బస్సొచ్చాంది" అంది. బస్సు పోయింది. "ఇంగ పో, ఖాళీ" అంది. వాడు లారీని దాటించాడు.

అత్త స్టీరింగు వైపు చూస్తూ ఉండిపోయింది. మా బామ్మర్ది రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకొని, జాగ్రత్తగా తోలుతున్నాడు. వాడికేం తెలుసు పాపం! నేను సీటు మీద వేలితో కొడదామని చెయ్యి ఎత్తి, ఆ దెబ్బ నాది కాదని దించేసుకున్నాను. దారిలో పల్లెలు వచ్చాయి, వెళ్ళాయి. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. అన్నేళ్ళూ పక్కపక్కనే కూర్చొని ఒకరి కోసం ఒకరు నోరు మూసుకున్న ఆ ఇద్దరికీ కాలం కావలసినన్ని ప్రయాణాలు ఇచ్చింది. ఆఖరికి ఆ పాట సగంలో ఆగి ఎదురుచూస్తే, దానికొక తాళం దెబ్బ మాత్రం ఇవ్వలేకపోయింది.