వాల్వులకు పెట్టిన బొట్లు

మంథనిలో మా ఆయనకు మైకుసెట్ల దుకాణం ఉండేది. పెళ్లిళ్లకు, హరికథలకు అద్దెకిచ్చేవాడు. సొమ్ము ఆయనదే, పని మాత్రం మా మరిదిది. కరీంనగర్‌లో ఒక రేడియో దుకాణంలో మూడేళ్లుండి వైర్లు అతికే పని నేర్చుకొచ్చాడు. ఆ అతుకును టాంకా అనేవాళ్లు. టాంకా వేస్తుంటే ఊపిరి కూడా బిగపట్టేవాడు.

దసరాకు పనిముట్లు తుడిచి బొట్లు పెట్టేది నేనే. ఆ ఏడు ఆంప్లిఫయరు మూత తీసి, లోపలున్న గాజు వాల్వులకు కూడా పెట్టాను. గాజు మీద కుంకుమ నిలవలేదు. వేలికి నూనె అద్దుకుని పెడితే నిలిచింది. భక్తితోనే చేశాను.

ఆ తర్వాత పెళ్లిళ్ల రోజుల్లో ఆ ఆంప్లిఫయరు పెట్టెకు కొత్త జబ్బు పట్టింది. పందిట్లో గంటసేపు బాగానే పలికి, ఉన్నట్టుండి గరగరమని ఆగిపోయేది. ఒక దెబ్బ వేస్తే మళ్లీ పలికేది. దుకాణానికి తెచ్చి చూస్తే ఏమీ లేదు. మరిది దాన్ని బాగా వేడెక్కనిచ్చి, నా కట్టె గరిటె కాడతో ఒక్కో వాల్వును మెల్లగా తట్టి, చెవి పెట్టి వినేవాడు.

"వదినె, గీ రెండోదాన్ని తడితె గరగరమంటుంది. కొత్త వాల్వు ఏసిన, అయినా గంతే. అడుగున టాంకా వదులైనట్టున్నది."

పెట్టెను బోర్లించి అడుగున వెతికేవాడు. వేసిన టాంకాలే మళ్లీ వేసేవాడు.

పెద్దపల్లిలో ఒక షావుకారి ఇంట పెళ్లి. సరిగ్గా మంత్రాలు చదివే వేళకు మైకు ఆగింది. నేను ఆడవాళ్లలో కూర్చుని ఉన్నాను.

"ఏందయ్యా, నీ మైకు ఉపాసమున్నదా? జర బువ్వ పెట్టు!" అని ఎవరో అరిచారు. పందిరంతా నవ్వింది.

మా ఆయన ఆ కోపమంతా తమ్ముడి మీద చూపించాడు. "మూడేండ్లు ఏం నేర్చుకున్నవురా, చాయలు తాగుడా? నీ టాంకాలన్నీ గిట్లనే ఉంటయి!"

మరిది వైర్లన్నీ చుట్టిపెట్టాడు. తెల్లారి బొగ్గుబాయి పనికని నస్పూర్ వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం నాకు మనసు ఆగలేదు. వైరు పీకి ఉన్న పెట్టె మూత తీసి రెండో వాల్వును లాగాను. దాని కాళ్లు దిగే బొక్కల్లో చీపురు పుల్ల తిప్పితే జిగురు మడ్డి వచ్చింది. ఎండలో పెట్టి చూశాను. నల్లటి మడ్డిలో ఎర్రగా నా కుంకుమే. వేడికి నూనె కరిగి, కుంకుమతో పాటు కిందికి జారింది. అన్నీ శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టాను.

ఆ సాయంత్రం పెట్టె మూడు గంటలు ఆగకుండా పలికింది.

"చూసినవా? వాడు చెయ్యి తీసినంక మంచిగైంది," అన్నాడు మా ఆయన.

అప్పుడే చెప్పాల్సింది. నన్ను తిడతాడన్న భయంతో రేపు చెబుదామనుకున్నాను. రేపయ్యేసరికి ఆయన ఆ మాటను బజారంతా చెప్పుకున్నాడు. ఆ తర్వాత మంథనిలోనే కాదు, పెద్దపల్లిలోనూ మరిది తిరిగొచ్చినా అతని చేతికి ఒక్క రేడియో కూడా ఇచ్చేవాళ్లు లేకపోయారు.

ఏడాదికి చూసిపోదామని వచ్చాడు. గోళ్లలో బొగ్గు.

"వదినె, బాయిల దిగినప్పుడు గూడ నాకదే యాది. ఏ టాంకా తప్పిన్నో ఎంత ఆలోచించినా తెల్వలే. అన్నకు తప్పు ఏడ దొరికిందట?"

"నాకేమెరుక తమ్మీ," అన్నాను.

అటక మీదున్న అతని సామాన్ల డబ్బా దించి, తీసుకుపొమ్మన్నాను. అతను మూత కూడా తెరవలేదు.

"వద్దు వదినె. నాది మంచి చెయ్యి గాదు," అన్నాడు.

బస్టాండు దాకా వెంట వెళ్లి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. చెప్పడానికి చాలా సేపే దొరికింది. చెప్పలేదు.