మామూ గుణాల నోటుబుక్కు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు ఫోను చూస్తూ చూస్తూ దాన్ని విసురుగా మంచం మీద పడేసింది. ఏళ్ల తరబడి నడుస్తున్న ఏదో అంతరిక్షం సీరియల్‌లో, తోటివాళ్లను ఎన్నడూ వదిలిపెట్టని కెప్టెన్ ఈసారి ఒకణ్ణి గ్రహం మీద వదిలేసి వచ్చాడట; అది ఆయన చేసే పని కాదు, ఆయన వేషంలో ఇంకెవరినో తెచ్చిపెట్టారని, మళ్లీ ఫోనందుకుని, ముక్కూ మొహం తెలియని అభిమానులతో కలిసి సీరియల్ తీసినవాళ్ల మీద పోట్లాట మొదలుపెట్టింది. నవ్వుదామనుకున్నాను గానీ పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. పన్నెండేళ్ల వయసులో ఆ మాటే నేను మా ఇంటి మనిషి గురించి రాసిపెట్టాను.

మన ఈడువాళ్లకు వారపత్రిక సీరియళ్ల పిచ్చి గురించి చెప్పక్కర్లేదు. భద్రాచలంలో మాకు బట్టల దుకాణం ఉండేది. మా అమ్మీ తమ్ముడు, మా మామూ, బట్టల మూట కట్టుకుని దుమ్ముగూడెం మీదుగా చర్ల సంతకు బస్సులో వెళ్లి అమ్ముకొచ్చేవాడు. నక్షత్రాల మధ్య తిరిగే ఒక మనిషి కథ పత్రికలో ఏళ్లకేళ్లు వస్తుండేది, దానికి మామూ అంతటి అభిమాని మా ఊళ్లో లేడు. అభిమానమంటే మెచ్చుకోవడం అనుకునేరు, తప్పులు పట్టడం! హీరో ఏ చేత్తో తలుపు తీస్తాడు, దేనికి భయపడతాడు, ఎవరి దగ్గర అబద్ధమాడడు, అన్నీ నోటుబుక్కులో అంకెలు వేసి రాసుకునేవాడు. రచయిత ఒక్కటి తప్పినా తిడుతూ కార్డు ముక్క రాసి పడేసేవాడు. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకున్నా, సీరియల్ సంగతికి మాత్రం తెలుగులోకి దిగేవాడు.

"గ్రహం మారితే మారనియ్ బిడ్డా, గుణం మారొద్దు. మారిందంటే లోపల ఇంకొకడు కూసున్నట్టే," అనేవాడు.

ఒక వానాకాలం చర్ల సంతకు పోయిన మామూ తొమ్మిది రోజులు రాలేదు. వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయి, మా నాన్న, అబ్బా, పోగలిగినంత దూరం పోయి వెతికి వచ్చాడు, మామూను కన్న మా నానీ అన్నం మానేసి నమాజు చాప మీదే కూర్చుంది. పదో రోజు పొద్దున, ముసురులో, మామూ నడిచి వచ్చాడు. భుజాన ఉన్న మూట విప్పితే ఒక్క గుడ్డ కూడా తడవలేదు. ఎక్కడున్నావంటే అడవిలో అన్నాడు, అంతే. నానీ ఏడుపు చూసి ఇంకెవరూ ఏమీ అడగలేదు.

నేను మాత్రం కనిపెట్టి చూస్తూనే ఉన్నాను. నన్ను అలా తయారుచేసింది మామూయే కదా. ఉల్లిగడ్డ లేనిదే ముద్ద దిగని మనిషి దాన్ని ఏరి పక్కన పెట్టాడు. బట్ట కొలుస్తూ కూనిరాగం తీసేవాడు, ఇప్పుడు పెదవి కదలదు. రోజూ ఆయన చేతిలో ఆకు తినే మేక ఆయన్ని చూసి తాడు తెగేలా వెనక్కి గుంజుకుంది. ఆయన లేనప్పుడు వచ్చిన పత్రికలు దాచి ఇస్తే, నువ్వే చదువుకోమని మర్యాదగా తిరిగిచ్చాడు. నాకు మా మామూ కావాలి, ఈయన వద్దు. ఆ నోటుబుక్కు వెనక పేజీల్లోనే అంకెలు వేసి తేడాలన్నీ రాశాను. పదిహేడు తేలాయి. చివర, ఈయన మా మామూ కాదు అని రాశాను.

ఒక మధ్యాహ్నం దుకాణంలో ఆ పుస్తకం ఆయన చేతిలో కనబడింది. పాత మామూ అయితే నా వీపు విమానం మోత మోగేది. ఈయన నిలబడే మొత్తం చదివి, పెన్ను తీసి, ఒక్కో అంకె పక్కన టిక్కు పెట్టి నాకు తిరిగిచ్చాడు.

"అన్నీ కరెక్టే రాసినవ్," అన్నాడు మెల్లగా. "మీ నానీకి చెప్పకు. ఆమె కొడుకు వచ్చిండనుకుంటున్నది."

చెప్పలేదు. నానీ ఇంకా పదకొండేళ్లు బతికింది. ఆయన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఆమె కాళ్లు పిసికాడు, దవాఖానాకు చేతుల మీద మోసుకెళ్లాడు, మంచాన పడ్డాక ముద్దలు కలిపి తినిపించాడు. పాత మామూకు అంత ఓపిక ఎక్కడిది! నానీ పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక, మర్నాడు ఖాళీ చేతులతో చర్ల బస్సెక్కాడు. ఆ రోజు వాన లేదు, వాగుల్లో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. ఆయన మళ్లీ రాలేదు.

ఇప్పుడు వాగుల మీద వంతెనలు వచ్చాయి, మనిషి ఎక్కడున్నాడో ఫోనే చెబుతోంది, తొమ్మిది రోజులు కనబడకుండా పోవడం అంత తేలిక కాదు. మా మనవరాలు, దాని తోటి అభిమానులు పాత కెప్టెన్‌ను తిరిగి తెమ్మని గోల చేస్తున్నారు, అప్పుడు నేను కోరుకున్నదీ అదే. అడవికి పోయిన మామూ గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది. వచ్చిన ఆ మనిషి పదకొండేళ్లు మాతో కలిసి అన్నం తిన్నాడు, మామూ అని పిలిచినప్పుడల్లా పలికాడు. నీ పేరేమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు.